డన్‌స్టర్: కాగితాలు కాచిన కోట

తల పైకెత్తి ఆ వాసాల వైపు చూడండి. ఇంగ్లండు నైరుతి మూలన, సోమర్సెట్‌లో, డన్‌స్టర్ అనే చిన్న ఊరి పెద్దవీధిలో నిలబడి ఉన్నారు మీరు. నెత్తిన పలకరాతి కప్పు, చుట్టూ ఎనిమిది మూలలు, నాలుగు దిక్కులా గాలి. ఇది ఉన్నిబట్టల సంత చావడి. ఎక్స్‌మూర్ గుట్టల మీద మేసే గొర్రెల ఉన్నితో నేసిన బట్టను వానలో తడవకుండా అమ్ముకోవడానికి 1609లో జార్జ్ లట్రెల్ కట్టించాడు. అక్కడ ఒక వాసంలో గుండ్రటి కన్నం కనిపిస్తోందా? ఫిరంగి గుండు దూసుకుపోయిన చోటు అది. 1647లో చావడికి మరమ్మతు చేయించారు. కన్నం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు దక్షిణం వైపు తిరగండి. వీధి చివర చెట్ల గుంపు, ఆ చెట్లలోంచి లేచిన గుట్ట, గుట్ట భుజం మీద ఎర్రరాతి బురుజులు. చూడగానే ఎవరైనా కోట అనే అంటారు. దాదాపు 950 ఏళ్లుగా అక్కడ ఏదో ఒక కట్టడం ఉంటూనే ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ గోడలెక్కి గెలుచుకోలేదు. చేతులు మారినప్పుడల్లా దాని వెనక ఒక రాజశాసనమో, అమ్మకపు పత్రమో, కోర్టు తీర్పో, లొంగుబాటు ఒప్పందమో ఉంది. ఆ గోడల కన్నా ఈ కాగితాలే ఎక్కువ పని చేశాయని నా నమ్మకం. పైకి వెళ్తూ ఒక్కొక్కటే చూద్దాం.

గుట్ట పాదం దగ్గర ఆగండి. ఇది 1130ల చివరి భాగం అనుకోండి. స్టీఫెన్ రాజు సేనలో మీరూ ఒకరు. ఇప్పుడు మైలుకు పైగా వెనక్కి తగ్గిన సముద్రం అప్పట్లో ఈ గుట్ట దాకా వచ్చేది. ఆటుపోట్ల బురద వాసన ముక్కుకు తగులుతోంది. గుట్ట పైన ఉన్నవాడు విలియం డి మోహున్. వాళ్ల నాన్న, అదే పేరు గలవాడే, నార్మండీలోని మోయాన్ నుంచి, ఇంగ్లండును జయించిన విలియం వెంట వచ్చి, బహుమానంగా ఈ భూముల్ని పొందాడు. 1086లో రాజు రాయించిన డూమ్స్‌డే భూముల చిట్టాలో ఈ కోట ప్రస్తావన ఉంది. ఇప్పుడు కొడుకు రాజుకు ఎదురు తిరిగి, సింహాసనం తనదంటున్న మటిల్డా పక్షం చేరాడు. రాజు గుట్ట చుట్టూ తిరిగి చూశాడు. నిటారు వాలు, ఒక పక్క నీళ్లు, పైన గోడలు. ముట్టడించి లాభం లేదని తేల్చుకున్నాడు. ఎదురుగా ఒక చిన్న కోట కట్టించి, హెన్రీ డి ట్రేసీ అనే వాణ్ణి కాపలా పెట్టి తన దారిన తను పోయాడు. మీరు కూడా బురద బూట్లు విదిలించుకుని ఆయన వెంట కదలాల్సిందే. ఈ గుట్ట బలమే గెలిచిందని నిస్సందేహంగా చెప్పగలిగేది ఆ ఒక్కసారే.

పైకి నడవండి. దారి నిటారుగా ఉంది, మెల్లగా ఎక్కండి. ముందు పెద్ద గేటు భవనం వస్తుంది, దాని సంగతి తర్వాత. దాన్ని దాటగానే పక్కకు తిరిగి ఉన్న పాత ద్వారం చూడండి. రెండు వైపులా గుండ్రటి బురుజుల మొదళ్లు, మధ్యన ఇనుప పట్టీలు కొట్టిన బరువైన ఓక్ తలుపులు. 13వ శతాబ్దంలో మోహున్‌లు కట్టించిన ఈ ద్వారమే ఇక్కడ మిగిలిన కట్టడాల్లోకెల్లా పాతది. చెయ్యి ఆనించండి. రాయి చల్లగా ఉంటుంది. దీని లోపల మోహున్‌లు మూడు వందల ఏళ్లు బతికారు. చివరికి వాళ్ల చేతి నుంచి ఈ కోట ఎలా పోయిందో చూడాలంటే ఇక్కణ్ణుంచి ఒక బల్ల దగ్గరికి వెళ్లాలి.

1376. బల్లకు ఒక పక్క జోన్ డి మోహున్, రాజసభలో పలుకుబడి ఉన్న విధవరాలు. ఆమె భర్త సర్ జాన్, గార్టర్ వీరుల మొదటి బృందంలో ఒకడు, అప్పుల్లో మునిగి పోయాడు. కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. బల్లకు రెండో పక్క ఎలిజబెత్ లట్రెల్, డెవాన్ ప్రభువు కూతురు. బేరం కుదిరింది. డన్‌స్టర్ కోట, దాని కింది భూములు, ఊళ్లు అన్నీ కలిపి 5,000 మార్కులు, అంటే 3,333 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. డబ్బు ముట్టినట్టు జోన్ రసీదు ఇచ్చింది. షరతు ఒక్కటే: తాను బతికున్నంత కాలం కోట తనదే, ఆ తర్వాతే లట్రెల్‌లది.

ఈ షరతు దగ్గర కాసేపు ఆగాలి. ఎలిజబెత్ అంత సొమ్ము పోసి కొన్నది కళ్లముందు కనిపించే కోటని కాదు, ఎప్పుడో ఒకనాడు రాబోయే హక్కుని. జోన్ ఎంతకాలం బతుకుతుందో ఎవరు చెప్పగలరు? ఆవిడ 28 ఏళ్లు బతికింది! కోటలో కూడా పెద్దగా ఉండలేదు, రాజసభ చుట్టూనే గడిపింది. 1404లో చనిపోయాక కాంటర్‌బరీ కెథెడ్రల్ నేలమాళిగలో, ముందే తాను కట్టించుకున్న సమాధిలో పడుకుంది. ఎలిజబెత్ అప్పటికే 1395లో కన్నుమూసింది. తాను కొన్న కోట గడప ఆమె యజమానురాలిగా తొక్కలేదు. ఆస్తిని మగవాళ్లు కత్తులతో నిలబెట్టుకున్నారని చెప్పుకునే కాలంలో ఇద్దరు ఆడవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒక కోటని ఒక వంశం నుంచి ఇంకో వంశానికి మార్చేశారు. ఈ గుట్ట చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం నాకు కనిపించదు.

జోన్ కూతుళ్లు ఊరుకోలేదు. వాళ్లు సామాన్యులా? ఒకామె యార్క్ డచెస్, ఇంకొకామె సాలిస్‌బరీ కౌంటెస్. అమ్మ అమ్మేసింది మా ఆస్తి అని కోర్టుకెక్కారు. ఎలిజబెత్ కొడుకు సర్ హ్యూ లట్రెల్ దగ్గర పలుకుబడి కన్నా విలువైనది ఉంది: దస్తావేజు, రసీదు. వ్యాజ్యం సాగింది, చివరికి కోట ఆయనకే దక్కింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి, ఇందాక దాటి వచ్చిన పెద్ద గేటు భవనం చూడండి. 1420లో హ్యూ మొదలుపెట్టించాడు. అయిదవ హెన్రీ రాజు కొలువులో ఫ్రాన్సు వెళ్లి హార్‌ఫ్లర్ రేవును కాచినవాడు, నార్మండీలో పెద్ద అధికారం చేసినవాడు. డబ్బు, హోదా రెండూ చేతికి వచ్చాక, తన తల్లి కళ్లారా అనుభవించని కోటకి ఇంత ఎత్తున ముఖద్వారం కట్టాడు. కోర్టులో గెలిచిన మనిషి కట్టిన ద్వారం అది. దాని ఎత్తులో శత్రువు భయం కంటే ఇది మాదే అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది నాకు.

కాగితం ఇచ్చిందాన్ని కాగితమే తీసుకోగలదు. ఇంగ్లండు సింహాసనం కోసం జరిగిన గులాబీల యుద్ధాల్లో, 1461లో, సర్ జేమ్స్ లట్రెల్ సెయింట్ ఆల్బన్స్ రెండో పోరులో చనిపోయాడు. ఆ పోరులో ఓడినా చివరికి సింహాసనం గెలిచిన యార్క్ పక్షం వాళ్లు లట్రెల్‌ల ఆస్తి జప్తు చేసి, విలియం హెర్బర్ట్‌కి రాసిచ్చారు. 24 ఏళ్లు లట్రెల్‌లు ఈ వాకిలి దాటలేదు. 1485లో బోస్‌వర్త్ దగ్గర రాజు మారాడు. ఏడవ హెన్రీ ఆ జప్తు రద్దు చేశాడు, కుటుంబం తిరిగొచ్చింది. ఆ రాకపోకల్లో దేనికీ డన్‌స్టర్ గోడ మీద నిచ్చెన పడలేదు.

లోపలి ఆవరణలోకి రండి. ఎదురుగా ఉన్న పెద్ద ఇంటి మధ్యభాగం, వరుసగా పెద్ద పెద్ద కిటికీలున్నది, 1617 నాటిది. కోట కింది ప్రాకారంలో, పాత గోడల సందున, జార్జ్ లట్రెల్ కొత్త ఇల్లు కట్టించాలనుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో వాదమ్ కాలేజీ కట్టిన మేస్త్రీ విలియం అర్నల్డ్‌ని పిలిపించాడు. 462 పౌండ్లకు ఒప్పందం. ఇల్లు కట్టించినవాళ్లకి తెలియని కథ కాదు: ఖర్చు 1,200 దాకా పోయింది, యజమానీ మేస్త్రీ కోర్టుకెక్కారు. ఆ కిటికీల్ని జాగ్రత్తగా చూడండి. బాణం దూరే సందులు కావవి, వెలుతురు కోసం పెట్టినవి. బయటి నుంచి ఎవరూ దాడి చేయరన్న ధైర్యం ఉంటేనే ఎవరైనా ఇంటికి అంత గాజు పెడతారు. ఆ ధైర్యం 25 ఏళ్లే నిలిచింది.

1643 తొలి రోజులు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం. మీరు కోటలో ఉన్నారు, యజమాని థామస్ లట్రెల్ పార్లమెంటు పక్షం. మైన్‌హెడ్ రేవులో దిగిన రాజు మనుషులు కింద ద్వారం దగ్గరికొచ్చి లోపలికి రానివ్వమంటున్నారు. యజమాని భార్య జేన్ ముందుకొచ్చింది. లోపలి మనుషుల్ని కాల్చమంది. కాల్చారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఆ సంగతి అప్పటి కరపత్రాలకెక్కింది. అయిదారు నెలలు తిరిగేసరికి టాంటన్, బ్రిడ్జ్‌వాటర్ రాజు పక్షానికి లొంగాయి, హెర్ట్‌ఫర్డ్ మార్క్విస్ సేన దగ్గరికొచ్చింది. థామస్ ఇక పోరాడలేదు, కోట అప్పగించి జరిమానా కట్టాడు. మరుసటి ఏడు చనిపోయాడు. తలుపు తీసిన భర్తనీ తలుపు తీయనివ్వని భార్యనీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మనసు జేన్ వైపే మొగ్గుతుంది. అయితే థామస్ లొంగిపోవడం వల్లే ఇల్లు దెబ్బతినకుండా నిలిచిందనేదీ నిజమే.

రాజు పక్షాన ఫ్రాన్సిస్ విండమ్ కోట అధిపతిగా వచ్చాడు. 1645 మేలో బ్రిస్టల్‌లో ప్లేగు పెరిగితే రాజకుమారుడు చార్ల్స్‌ని, ఇంకా 15 నిండని పిల్లవాణ్ణి, ఇక్కడికి పంపారు. తీరా వచ్చి చూస్తే ప్లేగు డన్‌స్టర్ ఊళ్లోనూ ఉంది. కుర్రవాడు ఎక్కువ రోజులు ఉండలేదు.

ఆ నవంబరు నుంచి మీరు బయటికి రాలేరు. గోడ దగ్గరికి వెళ్లి కిందికి చూడండి. ఊరి ఇళ్ల మధ్య, పొలాల్లో రాబర్ట్ బ్లేక్ మనుషులు మట్టి దిబ్బలు పోసి ఫిరంగులు నిలిపారు. టాంటన్‌ని మొండిగా నిలబెట్టి పేరు తెచ్చుకున్న బ్లేక్ అతను, తర్వాత ఇంగ్లండు నౌకాదళానికి గొప్ప సేనాని కాబోయేవాడు. సోమర్సెట్ దాదాపు అంతా పార్లమెంటు చేతికి పోయింది, ఈ గుట్ట మాత్రం దీవిలా మిగిలింది. చలికాలం. తిండి కొలిచి పెడుతున్నారు. పగలు గుండ్ల మోత, అందులో ఒకటి కింద సంత చావడి వాసంలోంచి దూసుకుపోతుంది.

రాత్రి పడుకున్నప్పుడు చెవి నేలకి ఆనించండి. ఎక్కడో కింద తవ్వుతున్న చప్పుడు. జనవరిలో బ్లేక్ మనుషులు కోటగోడ కిందికి సొరంగాలు తవ్వి, చివర మందుగుండు పీపాలు పేర్చుతున్నారు. ఫిరంగికి లొంగని గోడని కింది నుంచి లేపేద్దామని. ఇది ఆపే మార్గం ఒకటే: లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వి వాళ్లది కూల్చేయడం. మీ పక్కవాళ్లు ఒక సొరంగాన్ని అలాగే పాడుచేశారు. ఇంకొకటి పేలలేదు. ఒకటి పేలింది. నేల ఊగింది, గోడలో ఒక ముక్క ఊడి పడింది, దుమ్ము తగ్గేసరికి ఆ గండి రాళ్లతో పూడుకుపోయి ఎవరూ ఎక్కలేనట్టు తయారైంది. బయటి సేన లోపలికి రాలేకపోయింది.

ఫిబ్రవరిలో రాజు పక్షం వాళ్లు ముట్టడిని ఛేదించుకుని పశువుల్నీ గొర్రెల్నీ మందుగుండునీ లోపలికి చేర్చారు. ఆ రోజు కోటలో నోళ్లకి మాంసం తగిలి ఉంటుంది. మార్చిలో మాత్రం కార్న్‌వాల్ నుంచి చెడువార్త వచ్చింది. ఇంగ్లండు పశ్చిమ ప్రాంతంలో రాజుకున్న చివరి సేన, హాప్టన్ సేన, ట్రూరోలో లొంగిపోయింది. ఇక ఎవరి కోసం ఈ గోడ కాయాలి? ఏప్రిల్‌లో విండమ్ షరతులు రాసుకుని సంతకం పెట్టాడు. మీరూ అతని మనుషుల వెంట జెండాతో, ఆయుధాలతో, మర్యాదగా ద్వారం దాటి కిందికి దిగుతారు. దాదాపు అయిదు నెలలు ఫిరంగులు చేయలేని పని ఒక ఒప్పందపత్రం చేసింది. ఈ విండమే 1651లో, వూస్టర్ యుద్ధంలో ఓడి పారిపోతున్న చార్ల్స్‌ని తన ట్రెంట్ ఇంట్లో దాచిపెట్టాడు.

ఇప్పుడు 1650 వేసవి. ఇదే ఆవరణ, వేరే చప్పుళ్లు. పలుగులు, గడ్డపారలు, గోడలు కూలి వాలు వెంట దొర్లే బండల మోత. మళ్లీ ఎవరూ ఈ కోటలో దాక్కుని ఎదిరించకుండా దీని గోడల్ని పడగొట్టమని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. వందల మంది కూలీలు దిగారు. మోహున్‌లు తరాల తరబడి పేర్చిన ప్రాకారాన్ని నేలమట్టం చేయడానికి రెండు వారాలు కూడా పట్టలేదు. అర్నల్డ్ కట్టిన ఇంటిని, హ్యూ కట్టిన గేటు భవనాన్ని మాత్రం వదిలేశారు.

ఆ మోత మధ్యనే, ఇంటి లోపల, ఒక మనిషి పాత తోలుకాగితాలు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు కింద చెవులుండవు. 1634లో ఒకసారి కోశారు, మిగిలిన మొదళ్లని 1637లో మళ్లీ కోసి, చెంపల మీద అక్షరాలు వాతపెట్టారు. వాళ్లూ వీళ్లూ అని చూడకుండా ఏ ప్రభుత్వాన్నయినా తిట్టిపోసే విలియం ప్రిన్ ఇతను, న్యాయవాది, అలుపెరుగని కరపత్రకారుడు. ఇదివరకు రాజు శిక్షించాడు, ఇప్పుడు యుద్ధం గెలిచి ఆ రాజుని చంపినవాళ్లు ఇక్కడ ఖైదు చేశారు. ఊరికే కూర్చోలేని మనిషి. లట్రెల్‌ల పెట్టెల్లో మూలుగుతున్న దస్తావేజులన్నీ తీయించి, చదివి, వరస పెట్టి, పట్టిక తయారు చేశాడు. 1651 వేసవిలో అతన్ని టాంటన్‌కీ అక్కణ్ణుంచి పెండెన్నిస్ కోటకీ తరలించేలోగా పని పూర్తయింది.

ఒక్క నిమిషం ఆ గది గుమ్మంలో నిలబడండి. కిటికీ బయట గోడలు కూలుతున్నాయి. కిటికీ లోపల, ఆ ఇంటికి అక్కరలేని అతిథి ఆ ఇంటి కాగితాల్ని రాబోయే శతాబ్దాల కోసం చక్కదిద్దుతున్నాడు. డన్‌స్టర్ కోటగా ముగిసిపోయి ఇల్లుగా మొదలైంది ఈ గదిలోనేనని నేను అనుకుంటాను.

ఇక మెట్ల దగ్గరికి రండి. రెయిలింగు మీద చెయ్యి వేయబోయే ముందు పక్క పలకల్ని చూడండి. మందమైన ఎల్మ్ చెక్కని తొలిచి, రెండు వైపుల నుంచీ కనిపించేలా చెక్కారు. మెలికలు తిరిగిన అకాంథస్ ఆకులు, వాటి మధ్య పరిగెత్తే వేటకుక్కలు, బొద్దు బుగ్గల దేవతా శిశువులు. ఎడ్వర్డ్ పియర్స్ చేతిపని అని చెబుతారు. ఒక చోట వంగి చూస్తే నాణేల కుప్ప కనిపిస్తుంది, రెండవ చార్ల్స్ నాటి షిల్లింగులు, 1683-84 ముద్రవి. మెట్ల వయసు అక్కడే చెక్కి ఉందన్నమాట. భోజనాల గది కప్పు చూడండి, సున్నంతో పోతపోసిన పూలూ పండ్లూ గుత్తులుగా వేలాడుతున్నాయి. దాని మీదున్న ఏడు 1681.

ఈ డబ్బు ఎక్కడిది? కర్నల్ ఫ్రాన్సిస్ లట్రెల్ 1680లో మేరీ ట్రెగన్‌వెల్‌ని పెళ్లాడాడు. డార్సెట్‌లోని మిల్టన్ అబ్బాస్ ఆస్తికి వారసురాలు. ఆమె ఆదాయమే ఈ ఆకులుగా, ఈ పళ్ల గుత్తులుగా మారింది. రాళ్లు పేర్చిన తాతలకీ పూలు చెక్కించిన మనవడికీ మధ్య తేడా తెలియాలంటే ఈ మెట్ల మీద ఒకసారి కిందికీ పైకీ నడిస్తే చాలు. ఎవరినీ ఆపడానికి కట్టిన మెట్లు కావివి, వచ్చినవాళ్లని మెల్లగా, మెచ్చుకుంటూ పైకి నడిపించడానికి కట్టినవి. 1688లో ఇంగ్లండు సింహాసనం కోసం ఆరెంజ్ విలియం వచ్చినప్పుడు ఈ ఫ్రాన్సిసే అతని కోసం ఒక సైనికదళాన్ని పోగుచేశాడు. తర్వాతి కాలంలో గ్రీన్ హోవర్డ్స్‌గా పేరు తెచ్చుకున్న దళం అది. రెండేళ్లకే, ముప్పై దాటీ దాటకుండా, చనిపోయాడు.

పై అంతస్తులో తోలు గ్యాలరీ ఉంది. గోడలకి బట్ట బదులు రంగులద్దిన తోలు, ఆంటనీ క్లియోపాత్రాల కథ బొమ్మలుగా. వెలుతురు మసకగా ఉంటుంది, తోలు పాడవకూడదు కదా. ఇంట్లో ఇంకో చోట ఒక వింత చిత్రం: నడుము దాకా నీళ్లలో నిలబడి, బట్టల్లేని ఛాతీతో, పిడికిలి బిగించి పైకెత్తిన మనిషి, వెనక తుపానులో మునుగుతున్న ఓడ. సర్ జాన్ లట్రెల్ అతను, స్కాట్లండు యుద్ధాల్లో పోరాడి, 1551లో చెమటజబ్బుతో పోయాడు. 1550లో హాన్స్ ఎవర్త్ వేసిన అసలు చిత్రం లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. ఇక్కడున్నది 1591 నాటి నకలు. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరని చిత్రం అది.

పక్క తలుపులోంచి బయటపడి గుట్ట శిఖరానికి ఎక్కండి. మోహున్‌ల పై కోట ఉన్న చోటు ఇది. ఇప్పుడు గడ్డి. 1720ల్లో డొరొతీ లట్రెల్ అనే విధవరాలు శిఖరాన్ని చదును చేయించి, బంతులు దొర్లించే ఆటకి పచ్చిక మైదానం వేయించింది. స్టీఫెన్ రాజు తల ఎత్తి చూసి వెనుదిరిగిన చోట, ఇక ఆడవాళ్లూ మగవాళ్లూ సాయంత్రం పూట బంతి ఆడుకున్నారు. ఉత్తరాన బ్రిస్టల్ చానెల్ మెరుస్తోంది, దాని అవతల వేల్స్ తీరం. కొద్ది దూరంలోని ఇంకో గుట్ట మీద నిలువుగా కనిపిస్తున్న కోనిగర్ బురుజు 1775 నాటిది. దానిలో ఎవరూ కాపలా ఉండలేదు. అందం కోసం కట్టారు. మధ్యలో 1747లో వారసురాలు మార్గరెట్ లట్రెల్ హెన్రీ ఫౌన్స్‌ని పెళ్లాడింది, వంశం పేరు ఫౌన్స్ లట్రెల్ అయింది, ఇల్లు నిలిచింది.

ఇక ఆ బురుజుల రహస్యం. సంత చావడి దగ్గర నిలబడి మీరు కోట అనుకున్న ఆ ఆకారాన్ని తెచ్చిన పెద్ద బురుజులు ఈ ఇంట్లో వయసులో చాలా చిన్నవి. 1867లో ఆస్తికి వచ్చిన జార్జ్ ఫౌన్స్ లట్రెల్ మరుసటి ఏడు ఆంథనీ సాల్విన్‌ని పిలిపించాడు. పాత కోటల్ని విక్టోరియా కాలపు ఇళ్లుగా మార్చడంలో సాల్విన్‌ని మించినవాడు లేడు, ఆల్న్‌విక్‌లో పనిచేసి వచ్చాడు. 1872 దాకా పని సాగింది, 25,350 పౌండ్లు అయింది. అర్నల్డ్ ముఖభాగానికి అటూ ఇటూ ఎత్తు తక్కువ, ఎత్తు ఎక్కువ బురుజులు లేపి, అంచుల్లో పళ్లు చెక్కించి, కోట అనే భావం మళ్లీ పుట్టించాడు. లోపల మాత్రం గ్యాసు దీపాలు, వెచ్చదనం కోసం గొట్టాలు, పెద్ద వంటగదులు. ఇప్పుడు మీరు నడుస్తున్న గడ్డి కింద కూడా ఇటుకలతో కట్టిన నీటి తొట్టె ఉంది, ఊరికి నీళ్లివ్వడానికి, 40,000 గ్యాలన్లు పట్టేది.

ఇలా బలం పోయాక బలంగా కనిపించాలన్న కోరికని తక్కువ చేసి చూసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. సాల్విన్ పాతదాన్ని కప్పేయలేదు, 13వ శతాబ్దపు ద్వారం, హ్యూ గేటు, అర్నల్డ్ కిటికీలు, పియర్స్ మెట్లు అన్నిటినీ వాటి చోట ఉంచాడు. ఒక్కొక్క తరం తన మాట చెప్పి, ముందరి తరం మాటని చెరపకుండా పక్కకు జరగడం ఇంత పెద్ద ఇంట్లో చాలా అరుదు.

20వ శతాబ్దం గోడల మీదికి రాలేదు, పన్నుల రూపంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన నౌకాదళపు, అమెరికన్ అధికారులు ఈ గదుల్లో కోలుకున్నారు. 1944లో అలెగ్జాండర్ లట్రెల్ చనిపోతే వారసత్వపు పన్ను ఎంత పెద్ద మొత్తం వచ్చిందంటే, కొడుకు జెఫ్రీ ఆస్తినంతా 1949లో ఆష్‌డేల్ ప్రాపర్టీ కంపెనీకి అమ్మేశాడు. కుటుంబం తమ ఇంట్లోనే అద్దెకుంది. 1376 తర్వాత డన్‌స్టర్ మొదటిసారి డబ్బుకి చేతులు మారిన రోజు అది. 1954లో జెఫ్రీ కోటని తిరిగి కొన్నాడు, చుట్టూ ఉన్న విశాలమైన భూములు మాత్రం తిరిగి రాలేదు.

1957లో ఆయన పోయాక హక్కు కొడుకు వాల్టర్‌ది అయింది. 1974లో తల్లి చనిపోయిన తర్వాత సర్ వాల్టర్ లట్రెల్ 1976లో కోటనీ తోటనీ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టుకి రాసిచ్చాడు. ఎలిజబెత్ 5,000 మార్కులు పోసిన ఏటికి సరిగ్గా 600 ఏళ్లు. ఆమె డబ్బిచ్చి కొన్నదాన్ని ఆమె వంశంవాడు డబ్బు తీసుకోకుండా ఇచ్చేశాడు. 600 ఏళ్ల పొడవునా ఒక కుటుంబం ఒక ఇంటిని పట్టుకుని ఉండటం ఎంత కష్టమో, చివరికి వదిలేయడం అంతకన్నా కష్టం. ఆయన సంతకం పెట్టాడు. అందుకే ఈ రోజు మీరు ఆ మెట్ల మీద నడవగలిగారు.

దక్షిణం వైపు చప్టా మీదికి దిగండి. సముద్రపు గాలి, ఎండ తగిలే గోడ, ఇంగ్లండులో చూస్తామని అనుకోని తాటిజాతి చెట్లు, నిమ్మ కాయలు. 2008లో ట్రస్టు కోట పైకప్పు మీద, కింది నుంచి కనిపించని చోట, సౌర ఫలకాలు పెట్టించింది.

కిందికి దిగాక మీకు ఇంకా ఓపిక ఉంటే టాంటన్ వెళ్లండి, రోడ్డు మీద గంట లోపే. అక్కడి సోమర్సెట్ హెరిటేజ్ సెంటర్‌లో లట్రెల్ కుటుంబ పత్రాల సంపుటాలున్నాయి, మోహున్‌ల కాలం నుంచీ ఉన్నవి. పఠనమందిరంలో పేరు రాయించి, సంఖ్య చెప్పి అడిగితే సిబ్బంది పెట్టెలో తెచ్చి బల్ల మీద పెడతారు. చేతులు కడుక్కుని, పెన్సిలు మాత్రమే పట్టుకెళ్లండి.